మొదటి విడత

పార్టీ మహాసభకి బయల్దేరుతున్న వెర్నా చెయ్యిని ఆమె అన్న డెల్మర్ వదల్లేదు. బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి.

"దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవర్ని నిలబెట్టాలో నీ ఇష్టమేనటగా చెల్లీ. మన ఆసుపత్రి మళ్ళీ తెరిపిస్తానన్న ఆవిడకే ఓటు వెయ్యి. ఇక్కడందరికీ చెప్పేశాను."

నిజమే, వెర్నా ఏ అభ్యర్థికీ కట్టుబడకుండా తన ఇష్టప్రకారం ఓటు వెయ్యగల ప్రతినిధి. కానీ పార్టీ నియమం ప్రకారం అలాంటివాళ్ళకి ఓటు రెండో విడత ఓటింగులోనే. మొదటి విడతలోనే ఎవరికైనా మెజారిటీ వచ్చేస్తే ఇక రెండోది ఉండదు. ఆ మాట చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"అలాగే అన్నయ్యా" అంది.

మహాసభలో తమ రాష్ట్రం వెస్ట్ వర్జీనియా పేరు పిలిచినప్పుడు పక్కవాళ్ళు ఓట్లు చెబుతుంటే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి విడతలోనే అవతలాయన గెలిచాడు. బెలూన్లు రాలాయి. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే తనూ లేచింది.

బయటికొచ్చి అన్నకి ఫోన్ చేసింది.

"ఆవిడ ఓడిపోయింది అన్నయ్యా. నేను మాత్రం ఆవిడకే వేశాను."

అవతల ఆయాసం మధ్య టీవీ చప్పుడు తగ్గించడం వినిపించింది.

"మీ బోటివాళ్ళకి ఓటు వేసే వంతు రానేలేదని టీవీలో చెప్పార్లే అమ్మా" అన్నాడు డెల్మర్. "పోనీలే. ఇక్కడ అడిగినవాళ్ళందరికీ వేశావనే చెబుతున్నాను."