క్రూజ్ కంట్రోల్ బేరం

బయలుదేరేటప్పుడు రామమోహన్ చేతిలో తొమ్మిది వేల డాలర్లు, బుర్రలో ఎవరికీ చెప్పని ఒక కిటుకు ఉన్నాయి.

ఈ కాలపు కార్లలో ముందున్న బండిని బట్టి వేగం సర్దుకునే క్రూజ్ కంట్రోల్ ఉంటుంది. దాని కన్ను రాడార్. చాలా కార్లకి అది ముందు భాగంలో, కంపెనీ ముద్ర వెనకే ఉంటుంది. మనవాళ్ళు కారుకి పూజ చేయించి, సరిగ్గా ఆ ముద్ర మీదే గంధం మెత్తుతారు. కొందరు దేవుడి బిళ్ళ అతికిస్తారు. రాడార్‌కి కళ్ళు మూసుకుపోతాయి. క్రూజ్ చెడిపోయిందని కారు చవగ్గా వదిలించుకుంటారు. రామమోహన్ కొంటాడు, బిళ్ళ ఊడదీస్తాడు, అసలు ధరకి అమ్ముతాడు.

ఈ కిటుకుతో రెండు కార్లు కలిసొచ్చాయి. కిటుకు లేకుండా కొన్న మూడు ముంచాయి.

"ఇదే ఆఖరు. ఇందులో కూడా లాస్ వస్తే ఇంక కార్ల ఊసెత్తకండి," అని వసుమతి తన పొదుపు డబ్బు మొగుడి చేతిలో పెట్టింది.

పిస్కాటవే ఊళ్ళో కృష్ణకుమారి ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన కారు చూడగానే రామమోహన్ గుండె గంతులేసింది. కారు ముక్కు మీద అరచేయంత ఇత్తడి వినాయకుడు!

"ముందే చెప్తున్నానండీ, క్రూజ్ పనిచెయ్యదు," అందామె. "పన్నెండు వేలకి ఇచ్చేద్దామనుకుంటున్నాం."

"క్రూజ్ లేకుండా టర్న్‌పైక్ హైవే మీద కాలు పడిపోదూ? తొమ్మిది చేసుకోండి."

"తొమ్మిదా! పోనీ, మెకానిక్‌కి చూపించుకోండి. రిపేర్‌కి ఎంతవుతుందో అంతా తగ్గిస్తాను."

మెకానిక్ బిళ్ళ పీకాడంటే బేరం గోవిందా.

"మనలో మనకి మెకానిక్ ఎందుకండీ? మీ మాట చాలదా?"

"అది కాదండీ, ఆ వినాయకుణ్ణి మావారు అక్కడ ఎందుకు అతికించారంటే..."

"దేవుణ్ణి పెట్టుకోడానికి కారణం కూడా కావాలా?" రామమోహన్ చెంపలేసుకున్నాడు. "ఆయన జోలికి మనం వెళ్ళొద్దు."

కృష్ణకుమారి ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూసింది.

"సరే, తొమ్మిదికే తీసుకోండి. రేపు ఫోన్ చేసి, నాకు చెప్పలేదు అనకూడదు."

"చచ్చినా అనను."

సంతకాలయ్యాయి. రెండు వీధులవతల గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపాడు. "తప్పైతే క్షమించు స్వామీ," అని దణ్ణం పెట్టి, పళ్ళ సందులు తోముకునే దారాన్ని బిళ్ళ వెనక నించి రంపంలా లాగాడు. వినాయకుడు ఊడి చేతిలోకి వచ్చాడు.

తొమ్మిది వేలకి రామమోహన్‌కు దక్కినవి లెక్క కడితే, ఒక కారు, ఒక ఇత్తడి వినాయకుడు, రాడార్ ఉండవలసిన చోట పిడికిలి దూరేంత ఖాళీ కన్నం.