కర్రతో జరిపిన జావ

ఆసుపత్రి వార్డు గుమ్మం దాటి ముత్తక్క లోపలికి రాలేదు.

మంచం మీద ఆరేళ్ల మనవరాలు సుజన. వారం కిందట జ్వరంతో మొదలై పిల్ల ఒళ్లంతా ఆవగింజలంత చీముపొక్కులు లేచాయి. అమ్మోరు పోసిందని గూడెంవాళ్లు గుమ్మానికి వేపమండలు కట్టారు. వాటిని పీకి పారేసి, "జల్దీ దవాఖానకు పట్టుకపోండ్రి" అని అరిచింది ముత్తక్కే.

అరిచిందే గాని పిల్ల దగ్గరికి రాలేదు. జావ గిన్నెను గడప దగ్గర పెట్టి, కర్రతో లోపలికి జరిపేది. భద్రాచలం ఆసుపత్రికి వచ్చినా అదే దూరం.

"అంటుకుంటదా డాక్టరమ్మా?" గుమ్మంలోంచే అడిగింది.

"అంటదు పెద్దమ్మా. ఇది అమ్మోరు కాదు. చాలా అరుదుగా వచ్చే చర్మం జబ్బు. చీము ఉంది గానీ అందులో క్రిమి లేదు. కొన్ని ఇళ్లలో రక్తంలోనే వస్తుంది. మీ ఇంట్లో ముందెవరికైనా వచ్చిందా?"

"మాకెవ్వరికీ లేదమ్మా" అంది కోడలు కళావతి.

ముత్తక్క నేల చూసింది.

అంటుకుంటదా అని మధ్యాహ్నం మళ్లీ అడిగింది. సాయంత్రం నర్సును పట్టుకుని అడిగింది. కళావతికి ఒళ్లు మండింది.

"ఏందత్తా, నీ పానం గంత తీపా? పిల్ల నిన్నేమన్న కొరుకుతదా? అరవై ఏండ్లు బతికినవ్, సాలదా?"



నాలుగో రోజుకు జ్వరం దిగింది. పొక్కులు ఎండి పొట్టు రాలుతోంది. గండం గడిచిందని చెప్పింది డాక్టరమ్మ.

"సరిగ్గ చూసి చెప్పు తల్లీ. జరంతన్న అంటుకుంటది గదా?" ముత్తక్క మళ్లీ అడిగింది.

డాక్టరమ్మ నవ్వి, ఉత్త చేత్తో సుజన చెంప నిమిరింది. "చూశావా? పక్కలో పడుకోబెట్టుకున్నా అంటదు. భయపడకు."

కళావతి కళ్లు తుడుచుకుంది. సుజన బక్క చెయ్యి గుమ్మం వైపు చాచింది.

"ఒక్కసారి పట్టుకోవే, నానమ్మా."

ముత్తక్క గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

ఇరవై రెండేళ్ల కిందట, పెద్దకొడుక్కి అంటుకుంటుందని, ఇవే పొక్కులు లేచిన చిన్నకొడుకు వీరబాబును పోడు చేను గుడిసెలో ఒంటరిగా ఉంచి ఆమె కర్రతో జావ జరిపిన పదకొండో రోజున, వాడు ఆఖరిగా అడిగింది కూడా ఇదే.