ఖవాగా ఇంటి ఐదో పిల్ల

బంతి ఎగిరొచ్చి ఇస్త్రీ బల్ల మీద పడింది.

దర్జీ వస్ఫీ కత్తెర తీసి దాని పొట్టలో దించాడు.

గుమ్మం దగ్గర నలుగురు పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నిలబడిపోయారు. వాళ్ల వెనకే ఎదురు రొట్టెల కొట్టు గ్రీకువాడు స్తమాతి, పిండి చేతులతోనే పరుగున వచ్చాడు.

"పిల్లలు కదా వస్ఫీ, పోనీలే."

"పిల్లలున్నవాడివి నువ్వు. నేను కాదు. నీ మందను నీ గుమ్మంలోనే కట్టేసుకో, ఖవాగా!"

అలెగ్జాండ్రియాలో పరదేశి ప్రతివాడూ ఖవాగాయే. వస్ఫీ నోట మాత్రం ఆ మాట ఉమ్మినట్టు వచ్చేది.

సముద్రం అవతల స్మిర్నా పట్టణం తగలబడినప్పుడు ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగాడు స్తమాతి. వెంట భార్య కల్యోపి, నలుగురు పిల్లలు, ఒక పరుపు చుట్ట. వచ్చిన కొత్తలో వీధంతా అయ్యో అంది. ఏడాది తిరిగేసరికి పొయ్యి కట్టాడు, నువ్వులద్దిన రొట్టెలు కాల్చాడు, పిల్లల్ని బడిలో వేశాడు. సాయంత్రమైతే ఒకడు భుజం మీద, ఒకడు వీపు మీద, ఇల్లంతా ఒకటే గోల.

వస్ఫీది ఈజిప్టు క్రైస్తవులైన కోప్టుల ఇల్లు; అందులో ఆ గోల లేదు. భార్య దిమ్యానా మొక్కని మొక్కు లేదు, వెలిగించని కొవ్వొత్తి లేదు. అయినా ఉయ్యాల ఊగలేదు. ఎదురింటి నవ్వులు వినబడినప్పుడల్లా వస్ఫీ కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడు.

"కట్టుబట్టలతో వచ్చినవాడికి నలుగురా? మనకి ఒక్క నలుసు లేదా? ఏం న్యాయం ఇది?"

"వాళ్లేమన్నా మన ఒళ్లోంచి ఎత్తుకుపోయారా? ఊరుకుందురూ," అనేది దిమ్యానా.

అతను ఊరుకోలేదు. కాఫీ కొట్టులో నోరు పారేసుకున్నాడు.

"ఒకడిది రాగి జుట్టు, ఒకడు బొగ్గు, ఇంకోడివి పిల్లి కళ్లు. రేవుకొకణ్ణి కన్నట్టుంది ఆ మహాతల్లి!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు నడిచి నడిచి కల్యోపి చెవిన పడింది. ఆమె వీధిలోకి రావడం మానేసింది.

మర్నాడు స్తమాతి దర్జీ కొట్టుకు వచ్చాడు.

"నన్నేమైనా అను, పడతాను. పిల్లల తల్లిని మాత్రం అనకు."

అంతే. వెళ్లిపోయాడు. రెండు తగిలించి పోయినా బాగుండేదనిపించింది వస్ఫీకి.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి వచ్చారు. కల్యోపి చేతుల్లో శాలువా చుట్టిన పసిగుడ్డు.

"వస్ఫీ, దిమ్యానాని కూడా పిలు. మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి." స్తమాతి మొహం వెలిగిపోతోంది.

వస్ఫీ శాలువా వైపే చూశాడు.

"ఐదోదా? నాకు చూపించి ఉడికిద్దామని వచ్చారా?"

"కాదయ్యా, ముందు నా మాట..."

"వినేదేముంది! లావు మనిషి, ఎప్పుడు మోసిందో ఎప్పుడు కన్నదో ఎవరికి తెలుసు! పోండి! నా పెళ్లాం కంటబడ్డారంటే మర్యాద దక్కదు!"

ధడాలున తలుపు మూశాడు.

"ఎవరండీ?" అంది లోపలినుంచి దిమ్యానా.

"ఎవరూ లేరు."

ఆ పిల్ల పేరు ఆంథి. ఎదురింట్లోనే పాకింది, నడిచింది, రెండు జడలతో బడికెళ్లింది. దిమ్యానా కుట్టుపని పక్కన పెట్టి కిటికీ దగ్గరే కూర్చునేది.

"దాని మొహం చూడండి, అచ్చం మన వైపు పిల్లలాగే ఉంది."

"ఎవరి పోలికో ఆ తల్లినే అడుగు," అని వస్ఫీ కిటికీ మూసేసేవాడు.

"అత్తా!" అని బయటినుంచి చిన్న గొంతు పిలిచేది. దిమ్యానా లేచి లోపలికి పోయేది.

ఆంథి పెళ్లీడుకొచ్చిన ఏడు, ఈస్టర్ వెళ్లిన వారంలో స్తమాతి పోయాడు. పొయ్యి దగ్గరే ఒరిగిపోయాడు.

వెళ్లకపోతే బాగుండదని వస్ఫీ భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. కొడుకులు పెట్టెను భుజాలకెత్తుకుంటుంటే అతని గుండె మళ్లీ భగ్గుమంది. రేపు తనను మోసేదెవరు?

స్మశానం నుంచి తిరిగొచ్చాక కల్యోపి పక్కన కూర్చున్నాడు. పక్క గదిలో ఆంథి వచ్చినవాళ్లకు చేదు కాఫీ పోస్తోంది. ఓదార్పు చెప్పబోయి మనసులో ఉన్న మాట జారాడు వస్ఫీ.

"అదృష్టవంతుడమ్మా ఖవాగా. దేవుడు ఆయనకి ఐదుగురినిచ్చాడు. మాకొక్కరినీ ఇవ్వలేదు."

"మాకూ ఇవ్వలేదు అన్నా."

వస్ఫీ తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"నా కడుపున ఎవరూ పుట్టలేదు. స్మిర్నా రేవులో అమ్మల్ని పోగొట్టుకుని ఏడుస్తున్న పిల్లల్ని ఆయన ఒక్కొక్కరినే ఎత్తుకుని ఓడెక్కించాడు. వాళ్లని ఎవరూ అనాథలనకూడదని ఆ సంగతి గడప దాటనివ్వలేదు. నన్ను ఎవరేమన్నా ఓర్చుకోమన్నాడు. ఓర్చుకున్నాను."

దిమ్యానా చేతిలోని కప్పు కింద పెట్టింది.

"మరి ఆంథి, వదినా?"

కల్యోపి పక్క గది వైపు చూసి గొంతు తగ్గించింది.

"అది మీ కోప్టుల బిడ్డే, దిమ్యానా. కాన్పులో తల్లి పోతే ఆసుపత్రిలో ఆయన కాళ్లావేళ్లా పడి తెచ్చాడు. మా ఇంటికి కాదమ్మా, మీ ఇంటికి."