గొడుగు విప్పిన పిల్లాడు

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది బల్ల మీద పడి, పెన్నుల డబ్బా, కళ్లజోడు ఎగిరి గోడకు తగిలాయి.

కథల తాత కుర్చీలోంచి లేవలేదు. లేచి పారిపోయే వయసు కాదు. అరిచి జనాన్ని పోగేసే ఉద్దేశమూ లేదు. పేపర్లో ఆ తండ్రి ఫోటో చూసి గుర్తుపట్టినప్పటి నుంచీ అతను వస్తాడనే అనుకుంటున్నాడు. అందుకే వీధి తలుపుకు గడియ కూడా పెట్టలేదు.

"చదువు," అన్నాడు తండ్రి. ఎడమ చేతిలో బొమ్మల పుస్తకం. కుడి చేతిలో ఇనుప రాడ్డు. గోళ్ల సందుల్లో కడిగినా వదలని సిరా నలుపు. "నీ రాతేగా. చదువు."

"కళ్లజోడు పగిలిపోయింది నాయనా."

"అయితే నేనే చెప్తా. నాకు చూడక్కర్లేదు. రోజూ పడుకునే ముందు వాడు చదివించుకునేవాడు."

పుస్తకం తెరవకుండానే చెప్పాడు. పిల్లలకు చెప్పినట్టే, సాగదీస్తూ, ఆగి ఆగి. ఆగినప్పుడల్లా కొట్టాడు.

"'అనగనగా ఒక బుజ్జిగాడు. వాడికో ఎర్ర గొడుగు.'"

రాడ్డు మోకాలికి తగిలింది. తాత పళ్లు బిగబట్టాడు. జీవితమంతా పిల్లలకే రాసిన మనిషి. ఆయన కథల్లో పులి కూడా ఎవర్నీ గట్టిగా కసురుకోదు. దెబ్బకు ఇంత నొప్పి పుడుతుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"'బుజ్జిగాడు మేడెక్కాడు. గొడుగు విప్పాడు.'"

ఈసారి పక్కటెముకలు. ఊపిరి అందలేదు. కుర్చీతో సహా ఒరిగి అలమర మీద పడ్డాడు. ఇన్నేళ్ల కుందేళ్లూ ఏనుగులూ మాట్లాడే మేఘాలూ అరల్లోంచి జారి ఆయన మీద కుప్పకూలాయి. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"'గాల్లోకి అడుగేశాడు.' అంతే. అయిపోయింది కథ. తర్వాతేమైంది నాన్నా అని రోజూ అడిగేవాడు. నేనేం చెప్పను? ఎగిరిపోయాడురా అనేవాణ్ణి." తండ్రి పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. "మా మేడ మీంచి దూకాడు. పోయాక కూడా గొడుగు వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాం. ఈ పుస్తకం వాడికి నా చేతుల్తో నేనే తెచ్చిచ్చా."

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన తాత భార్య గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. మరుక్షణం తేరుకుని ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"ఆగు బాబూ. ఆయన రాసింది అలా కాదు. ఆ తర్వాత..."

"నోర్మూయ్," అన్నాడు తాత.

పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ఆయన నోట ఆ మాట వినలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"రాసింది నేనే," అన్నాడు తాత, తండ్రి వైపు తిరిగి. "తప్పు నాదే. ఇంకెవరికీ సంబంధం లేదు."

"ఏ చేత్తో రాశావు?"

తాత తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ చెయ్యి తప్ప ఆయనకు ఇంకో ఆస్తి లేదు. రాయడం తప్ప ఇంకో పని రాదు. ఒక్క మాట నోరు జారితే చాలు, రాడ్డు గాల్లోనే ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

కుడి చెయ్యి నేలమీద చాపాడు.

మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఇంకో దెబ్బ వేళ్ల మీద పడింది. ఆయన అరుపుకు వీధిలో కుక్కలు మొరిగాయి. తండ్రి రాడ్డు పారేసి, గోడకు జారగిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి పుస్తకం చంకలో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియనివాడిలా వెళ్లిపోయాడు.

భార్య తువ్వాలు చింపి చేతికి చుట్టింది. కట్టు కడుతూనే కడిగిపారేసింది.

"మీకేమన్నా మతిపోయిందా? 'అంతలో మెలకువ వచ్చింది, బుజ్జిగాడు మంచం మీదే ఉన్నాడు' అని చివరి పేజీ రాశారా లేదా? పదహారు పేజీల్లో పట్టలేదని ప్రెస్సులో ఎవడో దాన్ని లేపేశాడని తెలిసొచ్చిన రోజు మీరు ముద్ద ముట్టలేదు. వాడెవడో చేసిన నిర్వాకానికి మీ చెయ్యి బలిపెట్టారు. ఆ ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?"

తాత కళ్లు మూసుకుని మెల్లగా, "చెబితే, ఆ పేజీ లేపేసింది తనేనని అతనికి గుర్తొచ్చేది," అన్నాడు.