చీటీలో సహోదరి

స్త్రీల సమాజంలో ప్రార్థన మనవుల చీటీలు విప్పి చదివేది పాస్టరు గారి భార్య దీనమ్మ. ఆ ఆదివారం మూడో చీటీ చదవగానే పక్కనే కూర్చున్న జ్ఞానమ్మ ఉలిక్కిపడింది.

"మా ఆస్పత్రిలో పనిచేసే ఒక సహోదరిని ప్రభువు త్వరగా దూరదేశం చేర్చాలి."

పేరు లేదు. రాత మాత్రం తన కింద పనిచేసే నర్సు రూబీదే. అయితే ఈ పిల్లా వెళ్లిపోతుందన్నమాట!

రాజమండ్రిలో జ్ఞానమ్మ నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉన్న ఆస్పత్రిలో, విదేశంలో చదివొచ్చిన నర్సులు ఇద్దరు ఏడాది తిరక్కుండానే మానేశారు. మిగిలింది మనీలాలో చదివిన ఈ తుని పిల్ల రూబీ ఒక్కతే. "ఈమె కూడా వెళ్లిపోతే మీ కుర్చీ ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుందండి" అని ఆస్పత్రి యజమాని డాక్టర్ గణేష్‌బాబు మొన్ననే నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్నారంటే చేసేసినట్టే.

పోనీ జ్ఞానమ్మ తిన్నగా ఉండే మనిషా? ఎవరినో ఒకరిని తిట్టందే ఆవిడకు పూట గడవదు. రూబీ ఒక్కో మంచం దగ్గరా నిలబడి తర్వాతి నర్సుకు డ్యూటీ అప్పజెబుతుంటే, "మనీలా వేషాలు ఇక్కడొద్దు" అని రోగుల ముందే దులిపేసిన ఘనత ఆవిడది.

సోమవారం నుంచి వార్డులో వింత మొదలైంది.

"అమ్మా రూబీ, మంచం దగ్గర అప్పజెప్పడం బాగుందే. అందరికీ నేర్పు."

"నిజంగానే అంటున్నారా మేడమ్?"

"నిజమేనమ్మా. నైట్ డ్యూటీలు వరసగా ఎన్ని పడ్డాయి నీకు?"

"పదకొండండి."

"అయ్యో. ఇకనుంచి అందరికీ సమానంగా వేస్తాను."

రూబీ ఒక్కదాన్నే మంచి చేసుకుంటే అనుమానం వస్తుందని వార్డు మొత్తాన్నీ మంచి చేసుకుంది. నర్సు సత్యకుమారి ఇంజెక్షన్ ట్రే కింద పడేసినా, పళ్లు బిగబట్టి "దెబ్బ తగల్లేదు కదమ్మా" అంది. ఆ మాటకు సత్యకుమారికి ఏడుపొచ్చేసింది.

నెల తిరిగినా రూబీ రాజీనామా ఇవ్వలేదు. పైగా, "మనీలాలో కూడా మమ్మల్ని ఇంత బాగా చూడలేదండి" అంది. జ్ఞానమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం దీనమ్మ చేతిలో మళ్లీ అదే రాత కనబడింది.

"ఇది నేను చదువుతాను, ఇటివ్వండి అమ్మగారూ" అని జ్ఞానమ్మ చీటీ లాక్కుని మైకు అందుకుంది. వెనక వరసలో రూబీ గాభరాగా లేచి నిలబడింది.

"పోయిన నెల దూరదేశం పంపమన్న సహోదరిని ఇక్కడే ఉంచు ప్రభువా."

సంతోషంతో జ్ఞానమ్మ కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, సంఘమంతా వినేలా రెండో లైను చదివింది.

"ఆవిడ ఇప్పుడు మమ్మల్ని తిట్టడం లేదు."