రాణిగారి పార

"పారకి ఎవరి పేరు రాసిచ్చావు?" అద్దం ముందు టై సరిచేసుకుంటూ అడిగాడు దామోదర్.

"ఇంకెవరి పేరు? మార్గరెట్ హాడ్లీ పేరే," అంది రాధారాణి. పట్టుచీర కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకుంటోంది. మంచం మీద తెల్లటి కౌబాయ్ టోపీ ఉంది. దాని చుట్టూ వెండిరంగు కిరీటం.

దామోదర్ చేతులు ఆగిపోయాయి. "పండుగ కమిటీ ప్రెసిడెంట్‌ చేత గుర్రపు లద్దె ఎత్తిస్తావా?"

"నా చేత ఎత్తించలేదూ?"

దామోదర్ మళ్లీ టై ముడి అందుకున్నాడు. ఎనిమిదేళ్లుగా వింటున్న మాటే అది.

అమెరికాలో, వయోమింగ్‌లోని ఆ చిన్న ఊరికి అతను డాక్టరుగా వచ్చింది 1978లో. వచ్చిన రెండో నెలలోనే ఓల్డ్ వెస్ట్ డేస్ పండుగ వచ్చింది. కౌబాయ్‌ల కాలాన్ని తలుచుకుంటూ ఊరు ఊరంతా టోపీలు పెట్టుకుని ఊరేగే పండుగ అది. వారం ముందు మార్గరెట్ ఆపిల్ పై అనే తీపి వంటకం పట్టుకుని ఇంటికొచ్చింది. "పెరేడ్‌లో నువ్వు నా వెనక నడవాలి, నా కోసం," అంది. అప్పటికి ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చిన రాధారాణి, ఎంత మర్యాదస్తురాలో అనుకుని పెళ్లిపట్టుచీర కట్టుకుని వెళ్లింది. తీరా వెళ్తే మార్గరెట్ ఆ ఏటి రాణిగా గుర్రబ్బండి ఎక్కి కూర్చుంది. రాధారాణి చేతికి పార ఇచ్చి, బండి వెనకే నడుస్తూ లద్దె ఎత్తమన్నారు.

మూడు వీధుల పొడుగునా జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. బండిలోంచి మార్గరెట్ వెనక్కి తిరిగి తిరిగి నవ్వింది. ఆ పార పిడిని ఉత్తచేత్తో ముట్టుకోలేక రాధారాణి కొంగు చుట్టి పట్టుకుంది. తలెత్తకుండా నడిచింది. ఇంటికొచ్చి గంటసేపు స్నానం చేసింది. చీర అంచుకి అంటిన మరక మాత్రం పోలేదు.

కక్షా పోలేదు. ఆ తర్వాత ఏ ఏడూ ఆ ఇంట్లోంచి ఎవరూ పెరేడ్‌కి వెళ్లలేదు. ఏటా నవంబర్‌లో మార్గరెట్ పంపే ఆపిల్ పై తిన్నగా చెత్తబుట్టలోకి వెళ్లేది. కూతురు రేణు పుట్టినప్పుడు ఆవిడ తన చేత్తో అల్లిన దుప్పటి పట్టుకుని హాస్పిటల్‌కి వస్తే, రాధారాణి గోడవైపు తిరిగి పడుకుంది. తెలుగుమాట వినాలంటే డెన్వర్ దాకా డ్రైవ్ చేయాల్సిన ఊళ్లో, పక్కన కూర్చుని పలకరించే మనిషి ఒక్కరూ లేకుండా ఎనిమిదేళ్లు గడిపింది. దానికీ మార్గరెట్‌నే తిట్టుకుంది.

ఈ వేసవిలో కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏటి రాజూ రాణీ డాక్టరుగారూ, ఆయన భార్యా. ఏడాది పొడుగునా పండుగ తరఫున చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి రావాలి. చింపెయ్యబోతూ చివరి వాక్యం చూసి ఆగింది రాధారాణి. పార ఎవరు పట్టాలన్నది రాణి ఇష్టం, పేరు రాసి కవర్లో పెట్టి ఇవ్వాలి, కాదనే హక్కు ఎవరికీ లేదు. దాన్ని మూడుసార్లు చదువుకుని, ఆ పూటే ఒప్పుకుంటున్నానని ఫోన్ చేసింది.

"ఇప్పుడైనా పేరు మార్చు రాధా," అన్నాడు దామోదర్. "ఆవిడకి అరవై అయిదేళ్లు. మోకాళ్లకి నేనే ట్రీట్‌మెంట్ ఇస్తున్నాను."

"మెల్లగా నడవమనండి. నాకేం తొందర లేదు."

"అదే చీర కట్టావేంటి? మరక కనిపిస్తోంది."

"కనిపించాలనే కట్టాను."

పెరేడ్ మొదలయ్యే చోట జీనులు కుట్టే ముసలి లాయిడ్ గోనెగుడ్డలో చుట్టిన పార తెచ్చాడు. గుడ్డ విప్పి, గొంతెత్తి మార్గరెట్ పేరు చదివాడు.  జనంలో ఈలలు మొదలయ్యాయి. మార్గరెట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

ఏడుస్తోంది. బండిలో కూర్చున్న రాధారాణికి కడుపులో ఎనిమిదేళ్ల మంట చల్లారినట్టయింది. ఏడవనీ, అనుకుంది. మూడు వీధుల పొడుగునా వెనక్కి తిరిగి తిరిగి చూసి మరీ నవ్వింది. వెనక మార్గరెట్ కుంటుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఒక్కచోట కూడా వదలకుండా లద్దె ఎత్తుతూ వచ్చింది. దామోదర్ మాత్రం నేరం చేసినవాడిలా తల దించుకుని కూర్చున్నాడు.

పెరేడ్ అయిపోయాక మార్గరెట్ చెమటలు కక్కుతూ బండి దగ్గరికి వచ్చి రాధారాణి చెయ్యి పట్టుకుంది.

"థాంక్యూ, ర్యాడా. నేనంటే నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను ఇన్నేళ్లూ."

రాధారాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పేడ ఎత్తించినందుకా థాంక్స్?"

మార్గరెట్ నవ్వి, పారని ఆమె ఒళ్లో పెట్టింది. "పిడి చూడు. నిన్న నువ్వు కవర్ ఇచ్చాక లాయిడ్ కాల్చి రాశాడు. ప్రతి ఏడూ అంతేగా."

రాధారాణి మొదటిసారి ఆ పిడిని ఉత్తచేత్తో పట్టుకుంది. పైనుంచి కిందదాకా కర్రలోకి కాల్చిన అక్షరాలు, వరసలు వరసలుగా, ఏడాదికొక వరస. అన్నిటికన్నా కింది వరస ఇంకా పొగవాసన వేస్తోంది. "1986, రాధారాణి తన సోదరి మార్గరెట్‌కి."

ఆమె వేళ్లు మెల్లగా పైకి జరిగాయి, ఆనాడు కొంగు చుట్టి పట్టుకున్న చోటికి.

"1978, మార్గరెట్ తన సోదరి రాధారాణికి."