నోటిపూతకు మెత్తటి తిండి

చిన్నమ్మాయి పెదవి చిట్లింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. శిక్షణకు వచ్చిన ఇరవై మంది ఆరోగ్య కార్యకర్తల్లో వయసులో అందరికంటే చిన్నదని ఆమెను చిన్నమ్మాయి అని పిలుస్తారు.

"హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఏం పెట్టాలో చెప్పారు సార్. అది పట్టుకెళ్తే మాకేం జరుగుతుందో చెప్పలేదు," అంది. "నిన్న ఆ ఇంటాయన జుట్టు పట్టుకుని నా మొహాన్ని గడపకేసి కొట్టాడు. రేపట్నుంచి నేను రాను."

శిక్షకుడు జబ్బ చుట్టుకొలత చూసే టేపును బల్ల మీద పెట్టాడు.

"ఒక్క సంగతి విను తల్లీ. ఆ తర్వాత నీ ఇష్టం."

గొంతు సవరించుకున్నాడు.

"పదేళ్ల కిందట ఇలాంటి ఇల్లే. రోగికి నోరంతా పూత. గుటక దిగదు. ఖాళీ కడుపున మాత్ర వేస్తే వాంతి. ముప్పై ఎనిమిది కిలోలకి దిగిపోయాడు. కార్యకర్త ఉడికించిన గుడ్డు, అరటిపండు మెత్తగా చిదిమి తీసుకెళ్లారు. వీధంతా తెలిసిపోతుందని వాడి కోపం. ఎముకల గూడుకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో, తూకం మిషన్ ఎత్తి నెత్తిన మోదాడు. ఆరు కుట్లు."

"అయ్యో. తర్వాత?"

"కుట్లతోనే మర్నాడూ వెళ్లారు. గిన్నె లాక్కుని మొహాన కొట్టాడు. కింద పడితే డొక్కలో తన్నాడు. అడ్డొచ్చిన కన్నతల్లిని గోడకేసి తోశాడు. ఆవిడ చెయ్యి విరిగింది."

"అలాంటివాణ్ణి జైల్లో వేయించాల్సింది," అంది వెనక వరసలోని పెద్దావిడ.

"వేయించాల్సిందే," అన్నాడు శిక్షకుడు. "మూడో రోజు మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి చంపేద్దామని లోపల వాడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. బయట్నుంచి మాట వినిపించింది. 'ముందు తిను నాయనా. తిన్నాక పొడుద్దువుగానిలే. ఖాళీ కడుపుతో చెయ్యి వణుకుతుంది.'"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

చిన్నమ్మాయి తెరుచుకున్న ఒక్క కంటితో ఆయన్ని తేరిపార చూసింది. ఆయన జుట్టు కింద ఆ ఆరు కుట్ల మచ్చ ఎక్కడుందోనని వెతికింది.

"అన్ని దెబ్బలు తిని మళ్లీ ఆ తలుపెలా తట్టారు సార్?"

"తట్టింది నేను కాదు తల్లీ, లోపల కత్తి పట్టుకుని నిలబడింది నేను."